తిరగెయ్యని జాడి

మా ఊరగాయ అత్త పోయిన మంగళవారం తెల్లవారుజామున కన్నుమూసింది. కేజీఎఫ్‌లో గని కార్మికుల లైన్ ఇళ్లలో మా ఇంటికీ వాళ్ల ఇంటికీ మధ్య ఒకటే గోడ. వయసైపోయింది, గుండె ఆగింది అన్నారు డాక్టర్లు. ఒప్పుకుంటాను. కానీ చివరి ఏడాది ఆమె ఎట్లా బతికిందో మీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

ఆమె మాకు రక్తసంబంధం కాదు. వాళ్ల పెద్దలూ మా పెద్దలూ చిత్తూరు వైపు నుంచి బంగారు గని పనికి వచ్చినవాళ్లు, అంతే చుట్టరికం. గని మూతపడి, ఆ తర్వాత మామ కూడా పోయాక, అత్త ఊరగాయ అమ్మి బతికింది. వేసవి వస్తే శ్రీనివాసపురం మామిడి తోటలకు తనే వెళ్లి, కాయను గోటితో గిల్లి చూసి, తోటవాడితో తగువు పెట్టుకుని మరీ తెచ్చేది. కోలారు పక్కనున్న నరసాపురం ఫ్యాక్టరీకి పోయే పిల్లలు కంపెనీ బస్సెక్కే ముందు ఆమె గుమ్మంలో ఆగి టిఫిన్ డబ్బాలో ఇంత వేయించుకునేవాళ్లు. చిన్నప్పుడు ఖాళీ అయిన జాడిలో అన్నం కలిపి నాకు ముద్దలు పెట్టేది. ఆ రుచి నాకు మళ్లీ ఎక్కడా దొరకలేదు. నోరు మాత్రం మహా చెడ్డది. తడి స్పూను పెట్టినవాడి ఏడు తరాలనూ దులిపేది. "తడి చెయ్యీ, అబద్ధం మాటా ఒగటేరా, జాడినంతా చెరుపుతాయి" అనేది.

పోయిన వేసవిలో ఆహార భద్రత అధికారి వచ్చాడు. ముందురోజే కలిపిన పెద్ద జాడి మూత తీసి చూసి, రంగు కలపకపోతే ఇంత ఎరుపు రాదన్నాడు. అత్త ఎర్రటి రంగుకు పేరుపడ్డ బ్యాడిగి మిరపకాయలు తెచ్చి ఆయన ముందు కుమ్మరించింది. ఆయన వాటి వంకే చూడలేదు. పరీక్షకు కొంత తీసుకుని, జాడికి గుడ్డ కట్టి లక్క సీలు వేశాడు. ఇది స్వాధీనం చేసుకున్న సరుకు, నీ దగ్గరే భద్రంగా ఉంచు, ఆర్డరు వచ్చేదాకా ముట్టుకుంటే కేసు అన్నాడు.

అత్త ఒక్కదానికే బతిమాలింది. "సార్, రేపు మూడోనాడు. ఒక్కసారి అడుగుదాకా కలిపి తిరగెయ్యనీండి, ఆమీట సీలేసుకోండి. దీన్ని నేను యాడికెత్తుకోని పోతాను?" ఆయన నవ్వి జీపెక్కాడు.

నాకు అధికారుల మీద కక్ష లేదు. కార్బైడు పెట్టి మాగబెట్టిన మామిడిని పట్టుకుని గుంటలో పూడిస్తే చప్పట్లు కొట్టేవాళ్లలో నేనే ముందుంటాను. అనుమానం వస్తే జప్తు చేసే అధికారం, ఆ సరుకును యజమాని దగ్గరే ఉంచే అధికారం చట్టం వాళ్లకిచ్చింది. మంచిదే. అదే చట్టం పరీక్ష ఫలితం రెండు వారాల్లో తేల్చమంది. కారణం లేకుండా జప్తు చేసి సతాయించిన అధికారికి జరిమానా కూడా రాసింది. ఆ మాటలు మాత్రం ఎవరికీ గుర్తుండవు. భద్రంగా ఉంచమంటారు, ముట్టుకోవద్దంటారు. తిరగెయ్యని ఊరగాయ ఎన్నాళ్లు భద్రంగా ఉంటుందో వాళ్లమ్మను అడిగినా చెప్పేది కదా!

"పట్టుకున్నారంట" అన్న మాట బస్సు కన్నా ముందే నరసాపురం చేరింది. పిల్లలు ఆమె గుమ్మం ముందు తలొంచుకుని పోయేవాళ్లు. నేను కోలారు ఆఫీసు చుట్టూ తిరిగాను. ఫైలు పైనుందని ఒకసారి, సార్ లీవులో ఉన్నాడని ఒకసారి. తిరిగొచ్చేసరికి అత్త వాకిట్లోనే నిలబడి ఉండేది.

"ఏమప్పా, మంచిదన్నారా, చెడ్డదన్నారా?"

ఆమెకు కావలసింది ఆ ఒక్క మాటే. ఆ మాట చెప్పడానికి ఒక ప్రభుత్వానికి ఏడాది చాలలేదు.

ఒకసారి ఒళ్లు మండి, సీలు పగలగొట్టెయ్యి అత్తా, ఎవడేం చేస్తాడో చూద్దాం అన్నాను. కసిరింది. "మీ మామను గని గేటు కాడ షిఫ్టు షిఫ్టుకీ తడిమి చూసినారు. ఒగ బంగారు రాయి దొరకలా. ఇప్పుడు నేను సీలు తెంపితే దొంగదాన్నని నేనే ఒప్పుకున్నట్టు కాదా?" వానలకు కప్పు కారితే తన మంచం తడవనిచ్చి జాడిని పొడి మూలకు జరిపింది. గుడ్డలోంచి బూజు వాసన మొదలైన రోజు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మామ పోయినప్పుడు తప్ప ఆమె ఏడవగా నేను చూడలేదు.

గురువారం సమాధి మీద పాలు పోసి ఇంటికొచ్చేసరికి ఆఫీసు మనిషి ఒకడు వాకిట్లో ఉన్నాడు. పరీక్షలో ఏ తప్పూ లేదట, ఏ రంగూ లేదట. ఆ సంగతి ఎప్పుడో తేలిందట, ఫైళ్లు సర్దుతుంటే ఇప్పుడు బయటపడిందట. స్క్రూడ్రైవరుతో లక్క పెకలించి, ఇక మీ ఇష్టం అన్నాడు.

అత్త కూతురు ముఖం తుడుచుకుని, మర్యాదగానే అడిగింది.

"అయితే మా అమ్మ ఇంగ తిరగెయ్యొచ్చా సార్?"

జాడి అంచు దాకా తెల్లటి బూజు. దాని పక్కనే గోడ మీద, అత్త ఆ వేసవిలో తిరగెయ్యడానికని కడిగి ఎండబెట్టి పెట్టుకున్న చెక్క గరిటె, తడి తగలకుండా చుట్టిన పొడిగుడ్డతో మేకుకు అట్లాగే వేలాడుతూ ఉంది.