మిల్లు స్టాపులో దిగండి

ఇరవై తొమ్మిదేళ్ళు ఒకే రూటులో కండక్టరుగా చేసి రిటైరైన మనిషాయన. డిపోలో అందరూ ఆయన్ని 'దారిదీపం' అనేవాళ్ళు. ఏ వీధి అడిగినా, ఏ ఆఫీసు అడిగినా జవాబు నాలుక చివరే ఉండేది. టిక్కెట్టు చింపుతూనే, తలైనా ఎత్తకుండా, కుడివైపు మూడో సందు, మెట్లెక్కండి, ఎదురుగా కనిపిస్తుంది అని చెప్పేసేవాడు. అలా చెప్పడంలో ఆయనకి జీతానికి మించిన తృప్తి ఉండేది.

ఎక్కువమంది అడిగేది బొత్తాల మేడ గురించి. వందేళ్ళ కిందట బొత్తాల ఫ్యాక్టరీ పెట్టి కలిసొచ్చిన ఒకాయన కట్టుకున్న ఇల్లది. ఆయన జపాన్ చూసొచ్చి మోజుపడి, ఇంటి వెనక జపాన్ తోట వేయించాడు. ఇప్పుడు ఇల్లు మ్యూజియం, తోట అందరిదీ. "మిల్లు స్టాపులో దిగండి. గోడ వెంబడి రెండు నిమిషాలు నడిస్తే ఆకుపచ్చ గేటు. నల్లేరు మీద నడకే" అని దారిదీపం రోజుకి పదిసార్లయినా చెప్పేవాడు.

ఆయన మాత్రం ఎప్పుడూ లోపలికి వెళ్ళలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక మధ్యాహ్నం ఆ గేటు దాకా వెళ్ళి, తోటవాళ్ళు ఎండుటాకుల బండి తోసుకుపోతుంటే చూసి తిరిగొచ్చాడు. ఆ ఒక్క చూపు మీదే ఇరవై తొమ్మిదేళ్ళు దారి చెప్పాడు.

రిటైరైన రెండో నెలలో భార్య అడిగింది. "ఊరందర్నీ ఆ తోటకి పంపించారు. నన్నెప్పుడు తీసుకెళ్తారు?" పాతికేళ్ళు కుట్టుమిషను తొక్కి ఆమె కుడి మోకాలు అరిగిపోయింది. దూరం నడవలేదు. దానికేం, రెండు నిమిషాల నడకేగా అన్నాడాయన. ఒక మంగళవారం ఉదయం ఇద్దరూ బస్సెక్కి మిల్లు స్టాపులో దిగారు.

గేటు ఉంది. ఆకుపచ్చ రంగు అక్కడక్కడ పెచ్చులుగా మిగిలింది. గొలుసూ తాళమూ తుప్పుపట్టి ఒకటైపోయాయి. గేటు వెనకే మొలిచిన చెట్టొకటి మనిషి తొడంత లావైంది. ఊచలకి కట్టిన రేకు మీద, ఈ ద్వారం మూసివేయబడినది, కొండమలుపు స్టాపు ఎదుట ఉన్న ప్రధాన ద్వారం వాడండి అని రాసి ఉంది.

"ఈమధ్యే మూసినట్టున్నారు" అన్నాడాయన.

ఆమె చేతిసంచి కింద పెట్టి, రేకు అడుగున ఉన్న తుప్పుని గోటితో గీకింది. తేదీ బయటపడింది. పద్నాలుగేళ్ళ కిందటిది. ఆమె దాన్ని చూసి, మెల్లిగా అడిగింది. "ఆ చేతికర్ర పెద్దాయన చెప్పింది ఈ గేటు గురించేనా?"

ఆయనకి నెత్తిన చన్నీళ్ళు కుమ్మరించినట్టయింది.

ఆరేళ్ళ కిందట చేతికర్ర పట్టుకున్న ఒక ముసలాయన తిరుగు ట్రిప్పులో ఎక్కి, అక్కడ గేటు లేదు నాయనా, మూసేశారు, ఎవరికీ అలా చెప్పకు అని నెమ్మదిగానే చెప్పాడు. ముసలాయన షర్టు చెమటకి తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది. దారిదీపానికి పౌరుషం వచ్చింది. "ఇన్నేళ్ళలో వేలమందిని పంపించాను పెద్దాయనా. తప్పిపోయింది మీరొక్కరే. కళ్ళద్దాలు మార్పించుకోండి" అన్నాడు అందరూ వినేలా. బస్సు బస్సంతా నవ్వింది. ముసలాయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఆ రాత్రి అన్నాల దగ్గర దారిదీపం ఈ ముచ్చట భార్యకి అభినయించి మరీ చెప్పాడు. ఆమె నవ్వలేదన్న సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది.

ఇదే గోడగా, చుట్టూ వెళ్తే ముందు గేటు వచ్చేస్తుంది, పద అన్నాడు.

గోడ చుట్టూ తిరిగి ముందు గేటుకి వెళ్ళడానికి నలభై నిమిషాలు పట్టింది. అంతా ఎత్తుదారి, నీడ లేదు. ఆమె మూడుచోట్ల ఆగి గోడకి ఆనుకుంది. రెండు తిట్టినా బాగుండుననిపించింది ఆయనకి.

టిక్కెట్లిచ్చే అమ్మాయి వీళ్ళని దూరంనుంచే చూసి, కుర్చీ జరిపి, మంచినీళ్ళు తెచ్చింది. "కూర్చోండమ్మా. మిల్లు స్టాపులో దిగారు కదూ? ఆ బస్సు కండక్టరు అందర్నీ అక్కడే దింపేస్తాడు. అలా వచ్చేవాళ్ళ కోసమే ఈ కుర్చీ వేయించాం."

భార్య నీళ్ళు తాగుతూ గ్లాసు అంచు మీదుగా ఆయన్ని చూసింది. ఆయన తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. "అవునమ్మా, ఎవరో చెబితే నమ్మి దిగాం" అన్నాడు. ఆ మాట తన నోటినుంచే వచ్చిందంటే ఆయనకే నమ్మకం కలగలేదు.

మేడలో పన్నెండుమందికి పళ్ళేలు సర్దిన బల్ల ఉంది. అద్దాల సొరుగుల్లో ముత్యపుచిప్ప బొత్తాలున్నాయి. కుట్టుపని తెలిసిన మనిషి కాబట్టి భార్య వాటి దగ్గరే అరగంట ఉండిపోయింది. ఆయన చూశాడు గానీ ఏదీ కంటికి ఆనలేదు. తర్వాత తోటలో, చెరువు పక్కన బెంచీ మీద కూర్చున్నారు. దువ్వెనతో దువ్వినట్టు గీతలు తీర్చిన తెల్లటి కంకర, రాతి దీపస్తంభం, నీళ్ళ మీదికి వంగిన ఎర్రాకుల చెట్టు. ఆమె చెప్పులు విడిచి, కాలు చాపుకుని, హాయిగా ఊపిరి తీసుకుంది.

అప్పుడే గోడవతల బస్సు ఆగిన చప్పుడైంది. కాస్సేపటికి అడుగుల సవ్వడి. పొదల వెనక ఎవరో గొలుసు పట్టి ఊపారు. "ఇక్కడే అన్నాడే కండక్టరు" అంది ఒక ఆడగొంతు.

ఆయన లేచి, పొదలు తప్పించుకుని ఆ మూసేసిన గేటు దగ్గరికి లోపలివైపు నుంచి వెళ్ళాడు. ఊచలకవతల ఒక తల్లి, చంకలో పసిబిడ్డ. ఇది తెరవరమ్మా, తర్వాతి బస్సెక్కి కొండమలుపులో దిగండి, నడవొద్దు అని చెప్పాడు. ఇప్పుడా బస్సులో ఉన్న కండక్టరు ఆయన పని నేర్పిన కుర్రాడే. వాడికి ఈ దారి వల్లెవేయించింది ఆయనే.

వెనక్కి వచ్చి, భార్యని అక్కడే ఉండమని, టిక్కెట్ల కిటికీ దగ్గరికి వెళ్ళాడు. "ఇందాక అబద్ధం చెప్పానమ్మా. ఆ కండక్టర్ని నేనే. ఇప్పుడు చెబుతున్నవాళ్ళకి నేర్పిందీ నేనే."

ఆ అమ్మాయి కోప్పడలేదు, పరవాలేదనీ అనలేదు. డిపోకి రెండు ఉత్తరాలు రాశామండీ, ఎవరూ పట్టించుకోలేదు అంది. ఆ ఉత్తరాల్లో ఒకటి ఆయనకి గుర్తే. విశ్రాంతి గదిలో ఎవరో పైకి చదివితే, గేటు కనిపెట్టలేనివాళ్ళకి తోటెందుకు అని అందరికంటే ముందు జోకేసింది ఆయనే.

మర్నాడు పొద్దున్నే డిపోకి వెళ్ళాడు. డ్యూటీకి బయల్దేరేవాళ్ళందర్నీ ఆపి, తను చెప్పిన దారి తప్పని, పద్నాలుగేళ్ళుగా తప్పని చెప్పాడు. చేతికర్ర పెద్దాయన సంగతి కూడా దాచలేదు. కొందరు నవ్వారు. "దీపం ఆరిపోయిందిరా" అన్నాడొక డ్రైవరు. పోనీలెండి గురువుగారూ, ఎవరు చేయని తప్పు అని కుర్రాడు టీ తెచ్చిస్తే, ఆయన గ్లాసు పక్కన పెట్టేశాడు. ఆ పెద్దాయన్ని ఎరిగినవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగాడు. ఎవరూ లేరు.

డిపోమేనేజరు నోటీసుబోర్డు మీద కాగితం అంటించాడు. వారం తిరక్కుండా కండక్టర్లు కొండమలుపు అని కేకవేయడం మొదలుపెట్టారు. దాంతో ఆయన మనసేమీ తేలికపడలేదు. బజారులో చేతికర్ర చప్పుడు వినిపిస్తే ఇప్పటికీ వెనక్కి తిరిగి మొహం చూస్తాడు.

నెల తర్వాత భార్య, వాళ్ళ అక్కకి కూడా ఆ బొత్తాలు చూపించాలని ఉందంది. తీసుకెళ్తానన్నాడాయన.

"రండి, కాకపోతే ఈసారి దారి నేను కనుక్కుంటాలెండి" అందామె.

ఆయన సరేనని తలూపాడు.