పదిమంది అంటే పదిమందే

మా ముత్తాత రాజూరా వైపు ఊళ్లకు దేశ్‌ముఖ్. ఆయన కొడుకు, మా తాత, నిజాం సర్కారు తరఫున శిస్తు వసూలు చేసినవాడు. ఆయన వచ్చి ఎక్కేదాకా వార్ధా రేవులో పడవ ఒడ్డు విడిచేది కాదు. జిల్లాకు పెద్ద అయిన తాలూక్‌దారు వచ్చినా మా వాళ్లు గడి మెట్లు దిగి ఎదురు వెళ్లే ఆచారం లేదు. ఆయనే ఎక్కి వచ్చేవాడు. గొప్పకు చెప్పడం లేదు. అట్లా ఉండేది కనుక చెబుతున్నాను.

నేను కాలేజీకి వచ్చేనాటికి దేశ్‌ముఖీ రద్దయింది. భూములు చాలావరకు దున్నేవాళ్ల పేరికెక్కాయి. మేము గడి వదిలి, నది దాటి, చాందాలో జట్పురా దర్వాజా దగ్గర తాత ఎప్పుడో కట్టించిన ఇంటికి వచ్చేశాం. చంద్రపూర్‌ను అప్పుడు చాందా అనేవారు. రాష్ట్రాలను కోసి మళ్లీ కుడుతున్న ఏళ్లు అవి. నది అవతల మా ఊరు హైదరాబాదు నుంచి తెగి బొంబాయికి అతుక్కుంది. కాగితాల మీద ఉర్దూ పోయి మరాఠీ వచ్చింది. నాయన మాత్రం మారలేదు. ఎవరి గుమ్మం ముందూ నిలబడడు, ఎవరినీ ఏదీ అడగడు.

ఆ రోజుల్లో రైల్వే గార్డుగా పనిచేసి రిటైరైన ఒక యూదు పెద్దాయన మా ఇంటికి వచ్చాడు. వాళ్ల పూర్వులు కొంకణం వాళ్లు, ఇంట్లో మాట మరాఠీ. కాజీపేటలో చాలాకాలం ఉన్నందున ఆయనకు తెలుగు బాగా వచ్చు. చాందాలో, బల్లార్‌పూర్‌లో కలిపి వాళ్లవి కొద్ది కుటుంబాలే. ప్రార్థనకు చోటు లేదన్నాడు. మా ఇంటి ముందర, వచ్చిపోయేవాళ్లతో తాత వ్యవహారాలు మాట్లాడిన కచేరీ గది ఖాళీగా ఉండేది.

"కిరాయి ఎంతో చెప్తే..." అన్నాడు.

"మా ఇంట్ల కిరాయి మాట ఎత్తకుండ్రి గార్డు సాబ్. మీరు ప్రార్థనకు కూసున్నన్నాళ్లు ఆ గది మీదే. మాట ఇచ్చిన," అన్నాడు నాయన.

కొన్నాళ్లకు గార్డు సాబ్ మొహం వెలిగిపోతూ వచ్చాడు. వాళ్ల పవిత్రగ్రంథం తోరా, కొత్తది, బొంబాయి నుంచి వస్తోందట. తోలు మీద అక్షరం అక్షరం చేత్తో రాసిన చుట్ట. ఆదివారం బండిలో వస్తుంది, సోమవారం పొద్దున విప్పి చదవాలి.

"ఒక్కటే ఫికర్ దొరా. పదిమంది గావాలె. పదిమంది లేకుంటే విప్పి చదవరాదు."

నాయన నవ్వాడు. "పదిమందికేం కొదువ? నాకిడిసిపెట్టుండ్రి."

ఆ సాయంత్రమే నది అవతల మా ఊరికి మనిషిని పంపాడు. దేశ్‌ముఖీ పోయాక తన మాట మీద ఎవరైనా వస్తారా రారా అని చూసుకోవాలని ఆయనకు లోపల ఉండి ఉంటుంది. వచ్చారు. ఆదివారం మధ్యాహ్నానికి మా వాకిలి నిండిపోయింది. డప్పులు కూడా తెచ్చారు. నాయన తలకు జరీ అంచు రుమాలు చుట్టుకుని, వెన్ను నిటారుగా పెట్టి నిలబడ్డాడు.

స్టేషన్ నుంచి తోరా వచ్చింది. ఎర్ర మఖ్మల్ తొడిగిన గుండ్రటి చెక్కపెట్టె, పైన వెండి గజ్జెలు. నలుగురు నాలుగు కర్రలకు కట్టిన పట్టుగుడ్డ పైన పట్టారు. ఆ నీడలో గార్డు సాబ్ పెట్టెను పసిబిడ్డలా ఛాతీకి ఆనించుకుని నడిచాడు. కొంతదూరం పోయాక ఇంకొకరికి అందించాడు, ఆయన మరొకరికి. ముందు వాళ్ల పాట, వెనక మా ఊరి డప్పు. ఆడవాళ్లు అటుకులు, కొబ్బరి, చక్కెర కలిపిన పళ్లాలు అందరికీ పంచారు.

పెట్టెను గదిలో బీరువాలో పెట్టాక గార్డు సాబ్ తమవాళ్ల మొహాలు వరసగా చూస్తూ ఏదో గొణిగాడు. మనుషులను అంకెలతో లెక్కపెట్టకూడదట. పది మాటలున్న వాక్యం ఒకటి చదువుతూ మనిషికొక మాట చొప్పున పంచుతారట. వాక్యం చివరి మాట ఎవరికీ అందలేదు.

"ఏంది సాబ్, ఏమైంది?" అన్నాడు నాయన.

"బల్లార్‌పూర్ బొగ్గు గనిల మావాడు ఒక ఫిట్టర్ ఉన్నడు. రేపు ఆయనకు పొద్దుటి డ్యూటీనట. ఒక్కడు తక్కువైండు."

"వాకిట్ల ఇంత మంది ఉన్నరు గద!"

"మావాళ్లు, మగవాళ్లు, పదిమంది ఉండాలె దొరా."

"పదిమంది అంటే... పదిమందేనా?"

"పదిమంది అంటే పదిమందే."

మా భాషలో పదిమంది అంటే లోకం. పదిమందిలో పరువు అంటాం, పదిమందిని పిలిచి పెట్టాం అంటాం. ఎవరూ లెక్కపెట్టరు. మా ఊరి నుంచి వచ్చిన ఒక ముసలామె మూతి తిప్పింది: "గింత దూరం నడిసొస్తిమి. మేం మంది గామా?"

పక్కనున్నతను అందుకున్నాడు. "మందిమే గని పదికి ఎక్కువ మందిమి, అవ్వా! అటుకులు తిను."

అందరూ నవ్వారు. నాయన నవ్వలేదు. పదిమందిని నేను చూసుకుంటానని మాట ఇచ్చినవాడు ఆయన.

ఆ గనిలో పెద్ద ఉద్యోగి మా ఊరి పట్వారీ కొడుకు. వాళ్ల నాన్న మా గడిలో నిలబడి లెక్కలు చదివేవాడు. అంతకుముందు ఆ కొడుకు ఇంటికి రమ్మని రెండుసార్లు కబురు పంపినా నాయన వెళ్లలేదు. ఆ సాయంత్రం రుమాలు తీయకుండానే బల్లార్‌పూర్ బస్సు ఎక్కాడు. నేనూ వెంట వెళ్లాను. పట్వారీ కొడుకు బంగళా వరండాలో బెంచీ ఉన్నా నాయన కూర్చోలేదు. లోపలి నుంచి అతను చేతులు తుడుచుకుంటూ వచ్చి కంగారుపడ్డాడు.

"మీరొచ్చిండ్రేంది దొరా? కబురంపితే నేనే రాకపోదునా?"

"అడిగేటోడే రావాలె. ఒక మనిషికి రేపు ఒక్క పూట సెలవు గావాలె," అన్నాడు నాయన.

సెలవు దొరికింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఫిట్టర్ మా పక్కనే కూర్చున్నాడు.

సోమవారం పొద్దున ఆ వాక్యం చివరి మాట ఫిట్టర్‌కు అందింది. బీరువా తెరిచారు. చుట్ట విప్పుతుంటే కొత్త తోలు వాసన వాకిలి దాకా వచ్చింది. గార్డు సాబ్ చదువుతున్నంతసేపు నాయన గడప బయట నిలబడే ఉన్నాడు.

ఆ తర్వాత రెండేళ్లకు పైగా వాళ్లు ఆ గదిలో ప్రార్థనకు కూర్చున్నారు. ఇంటి ముందు భాగం అమ్ముతారా అని ఎందరో అడిగారు. మాకు డబ్బు కటకటగా ఉన్నా, వాళ్లు కూర్చుంటున్నారు, మాట ఇచ్చాను అనేవాడు నాయన. తర్వాత ఒకరికి భుసావల్ బదిలీ అయింది. ఇంకొకరు పిల్లల చదువుకని పుణె వెళ్లారు. ఎనిమిది మందే మిగిలారు. చదవనిచోట తోరాను ఉంచకూడదని గార్డు సాబ్ దాన్ని మళ్లీ బొంబాయికి తీసుకెళ్లాడు. గది తాళంచెవి నాయన చేతిలో పెట్టి దండం పెట్టాడు.

ఆ ఎండాకాలంలోనే కచేరీ గది, దాని ముందరి అరుగు, వీధి వాకిలి ఒక కలప అడితి యజమానికి అమ్మేశాం.