శనివారం క్విజ్‌లో చదివించిన ఉత్తరం

నాకు ఓపిక తక్కువ. పాఠం చెప్పేవాళ్ళకి ఉండకూడని లోపమే. కానీ పోర్ట్ బ్లెయిర్‌లో గుమాస్తా పరీక్షకి ఇంగ్లిష్ నేర్పేవాళ్ళు ఎంతోమంది లేరు కాబట్టి పిల్లలు నా నోటిని భరించేవాళ్ళు. అబర్డీన్ బజార్‌లో ఒక బట్టల కొట్టు పైన అద్దె గది, ఇరవై కుర్చీలు, కింద నుంచి బస్సుల హారన్లు. వారమంతా చెప్పిన ఇడియమ్స్, మాటల అర్థాలు, పాసేజీలు శనివారం క్విజ్ పెట్టి తిరగేయించేదాన్ని. పిల్లలు రెండు జట్లు. మధ్యలో బల్ల మీద హోటల్ కౌంటర్ మీద ఉండేలాంటి గంట. ముందు కొట్టినవాళ్ళే జవాబు చెప్పాలి.

సిప్పీఘాట్ నుంచి ఒకావిడ వచ్చేది. మిగతావాళ్ళంతా ఇరవై, ఇరవై రెండేళ్ళవాళ్ళు. ఆవిడకి ముప్పై దాటి చాలా రోజులైంది, వయసు పరిమితి ప్రకారం ఆ ఏడాదే ఆఖరి అవకాశం. పిల్లలు దీదీ అని పిలిచేవాళ్ళు. కాగితం మీద రాయమంటే వంక పెట్టడానికి ఉండేది కాదు. గంట ముందు నిలబెడితే మాత్రం తెలిసిన జవాబు కూడా తప్పు చెప్పేది.

ఒక శనివారం ‘పీస్ ఆఫ్ కేక్’ అంటే ఏమిటని అడిగాను. చాలా తేలికైన పని అని మూడు రోజుల ముందు నేనే చెప్పాను. ఆవిడ గంట కొట్టి, అందరి మొహాలూ చూసి బెదిరిపోయి, “బర్త్‌డేకి కోస్తారు కద మేడమ్, అదే” అంది.

“అలాగైతే పరీక్షకి కొవ్వొత్తులు కూడా పట్టుకెళ్ళండి, ఊదేసి వచ్చేయొచ్చు” అన్నాను.

గది గొల్లుమంది. “అరే దీదీ, హమ్‌కో భీ దో నా, ఒక్క ముక్క!” అని వెనక నుంచి ఎవడో అరిచాడు. నిజం చెప్పాలంటే అందరికంటే ఎక్కువసేపు నవ్వింది నేనే.

సోమవారం ఆవిడ నా బల్ల మీద ఒక మడత కాగితం పెట్టి వెళ్ళి కూర్చుంది. నేను మెచ్చుకుంటాననుకుందో ఏమో, ఇంగ్లిష్‌లో రాసింది. శనివారం ఆట నుంచి తనను తప్పించమని. నలుగురూ నవ్వితే వచ్చింది కూడా మరిచిపోతున్నానని. ఇంట్లో అత్తగారికి కుట్టుపని నేర్చుకుంటున్నానని చెప్పి వస్తున్నానని, అసలు సంగతి తెలిస్తే గడప దాటనివ్వరని, ఉద్యోగం చేతికొచ్చాకే చెబుతానని. వెనక కుర్చీలో కూర్చుని రాసుకుంటాను, క్లాసు మాత్రం మాన్పించకండి అని చివర బతిమాలుకుంది.

ఎవరికైనా జాలి వేస్తుంది. నాకు ఒళ్ళు మండింది. ఇంత కష్టపడి నేను ఆట పెడితే దాన్ని శిక్ష అంటుందా! ఎర్ర పెన్ను తీసి తప్పులన్నీ దిద్దాను. దిద్దాక చూస్తే పాసేజీకి సరిగ్గా సరిపోయే పొడవుంది. ఊరి పేరు కొట్టేశాను. కుట్టుపని మాట ఉంచేశాను, అది తీసేస్తే అడగడానికి ప్రశ్నలేం మిగలవని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆవిడ అత్తగారు వెళ్ళే తెలుగు చర్చికే వెళ్ళే అమ్మాయి ఒకతె మా క్లాసులో ఉందని నాకు బాగా తెలుసు. శనివారం ఆఖరి రౌండులో కాగితాలు పంచి, ఆ అమ్మాయినే లేచి చదవమన్నాను.

కుట్టుపని వాక్యం దగ్గర ఆ పిల్ల ఆగింది. తలెత్తి దీదీ వైపు చూసింది.

“ఆగుతావేం? కానీ” అన్నాను.

పాసేజీ రౌండులో జవాబు చెబితే చాలదు, అది ఏ లైన్లో ఉందో కూడా చెప్పాలి. రాసిన మనిషి ఏం కోరుతోంది అని అడిగాను. గంట మోగింది. కొట్టింది ఆవిడే. జవాబు చెప్పి, “రెండో లైను మేడమ్” అంది. దేనికి భయపడుతోంది? మళ్ళీ ఆవిడే. “అయిదో లైను.” ఇంట్లో ఏమని అబద్ధం చెప్పింది? ఈసారి కాగితం చూడనే లేదు. “ఏడో లైను.” దాచుకోవడానికి ఇంకేమీ మిగలని మనిషి గొంతు ఎంత నిబ్బరంగా ఉంటుందో ఆ రోజు విన్నాను. జట్టు పిల్లలకి ఇదేమీ తెలియదు. “వాహ్ దీదీ! ఆజ్ తో కమాల్!” అని బల్లలు చరిచారు.

రెండు జట్లూ సమానమయ్యాయి. అక్కడ ఆపేయొచ్చు. ఆపలేదు. ఊహించి చెప్పే ప్రశ్న ఒకటి మిగిలింది. “రాసిన మనిషి ఇప్పుడేం చేస్తుంది?” అని అడిగాను.

ఆవిడ గంట కొట్టింది. “సోమవారం నుంచి క్లాసుకి రాదు మేడమ్” అంది.

“అది ఏ లైన్లో ఉంది?”

“లైన్లో లేదు మేడమ్. నేను చెప్తున్నాను.”

తప్పు నాది, కూర్చోండి అని రెండు ముక్కలు అనుంటే సరిపోయేది. నోరు రాలేదు. నా నోరు, ఎప్పుడూ ఊరుకోని నోరు! మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, “లైను చెప్పలేదు కాబట్టి సున్నా” అని బోర్డు మీద వేశాను. అవతలి జట్టు గెలిచింది. ఆవిడ బ్యాగు తీసుకుని మెట్లు దిగిపోయింది.

సోమవారం రాలేదు. అత్తగారికి ఆదివారం చర్చి దగ్గరే తెలిసిపోయిందట. పరీక్షకి కూడా వెళ్ళనివ్వలేదని తర్వాత విన్నాను. విన్న రోజే ఆ చర్చి అమ్మాయిని పట్టుకుని, “నీకేం పోయేకాలమే, ఎందుకు చెప్పావ్?” అని కేకలేశాను.

ఆ పిల్ల జంకలేదు. “నేను ఆంటీ ఒక్కరికే చెప్పాను మేడమ్. మీరు క్లాస్ మొత్తానికి చెప్పారు కదా” అంది.