బంగారం కాదు, పసిరికలు

మా ఇంటి ముందుగదిలో, అద్దాల తొట్టిలో ఒక ఆక్సలోటల్ ఉంది. చేప కాదు, బల్లి కాదు, కప్పకు దగ్గరి చుట్టం. నీళ్లలోనే పుట్టి నీళ్లలోనే ముసలిదయ్యే జీవి. తలకు అటూ ఇటూ ఈకల్లాంటి ఎర్రటి మొప్పలు, ఎప్పుడూ నవ్వుతున్నట్టుండే వెడల్పాటి నోరు. అది నోటి ఆకారమే తప్ప నవ్వు కాదని ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పేవాణ్ని. "నీకేం తెలుసు, నన్ను చూస్తెనే నవ్వుతది" అనేది నా భార్య. వేలెడంత ఉన్నప్పుడు హైదరాబాదు నుంచి దాన్ని తెచ్చింది ఆమే. తడిమట్టి తవ్వి ఎర్రలు ఏరి తినిపించేదీ ఆమే.

అప్పట్లో దాని ఒళ్లు తాటిముంజె తెలుపు. ఏళ్లు గడిచేకొద్దీ నెత్తి మీద నల్లటి చుక్కలు వచ్చాయి. అవి వయసు మచ్చలు, రోగం కాదు. నా చేతుల మీదా అవే వచ్చాయి. ఆమె నా చెయ్యి లాగి అద్దానికి ఆనించి, "ఇద్దరిదీ ఒక్కటే జాతి" అని నవ్వేది.

ఈ ఎండాకాలం ఆ తెలుపు పోయింది. మొదట కడుపు కింద, తర్వాత తోక అంచున పసుపు తేలింది. మొప్పల ఎరుపు వెలిసింది, కుచ్చులు కురచబడ్డాయి. ఎర్రను నోటి దగ్గర పెడితే మొహం తిప్పుకుంది. చన్నీళ్ల జీవి అది. గద్వాల ఎండకు మనుషులే వాడిపోతుంటే దానికేం గతి? సీసాల్లో నీళ్లు గడ్డకట్టించి తొట్టిలో వేస్తాం. నల్లా నీళ్లు బ్లీచింగ్ వాసన పోయేదాకా నిలవబెట్టి మారుస్తాం. కరెంటు పోతే అద్దానికి తడిగుడ్డ కప్పి కూర్చుంటాం.

నీళ్ల డబ్బాలో పెట్టి పశువుల దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు డబ్బాలోకి చాలాసేపు చూశాడు.

"సార్, బర్రెకైతె చెప్త, గొర్రెకైతె చెప్త. దీనికి సూది యాడ ఎయ్యాల్నో నాకు తెల్వదు. తెలిసినట్టు చేస్తె తప్పయితది."

ఆ నిజాయితీకి దండం పెట్టాలనిపించింది. అతని కాలర్ పట్టుకోవాలనీ అనిపించింది.

నాతో చదువుకున్న మిత్రుడొకడు వనపర్తిలో జంతుశాస్త్రం చెప్తాడు. ఫోటోలు పట్టుకొని బస్సెక్కాను. "కాలేయం పోతున్నట్టుంది. పరీక్ష చెయ్యకుండ గట్టిగ చెప్పలేను. ముసల్ది గద. నీళ్లు సల్లగ, శుభ్రంగ ఉంచు" అన్నాడు.

"తర్వాత?" అన్నాను.

టీ తాగమన్నాడు.

తిరిగి వచ్చేసరికి మా గుమ్మం ముందు చెప్పుల కుప్ప. పక్కింటామె చీరల మగ్గానికి జరీ కండెలు చుడుతుంది. ఆమె మధ్యాహ్నం తొట్టిలోకి చూసి, "అక్కా, అచ్చం జరీ రంగు! మీ ఇంట్ల బంగారు బల్లి ఎలిసింది" అందట. కంచిలో బంగారు బల్లిని తాకితే ఒంటి మీద బల్లి పడిన దోషం పోతుందని మనవాళ్ల నమ్మకం. కంచి దూరం, మా ఇల్లు దగ్గర. వాడకట్టంతా వరుస కట్టింది. లోపల ఒక అవ్వ, అయిజ నుంచి కొడుకు వెంట కూతురింటికి వచ్చిన పక్కింటామె తల్లి, మోచేతి దాకా నీళ్లలో చెయ్యి పెట్టి ఉంది. ఆమె వేళ్ల పసుపు నీళ్లలో కరుగుతోంది.

"చెయ్యి తియ్యి!" అని అరిచాను.

"నెత్తి మీద బల్లి పడ్డది కొడుకా. నెత్తి మీద పడితె సావే అంటరు. బుక్కెడు బువ్వ లోపలికి పోతలేదు."

"బల్లికి కాలు జారితె నీకెందుకు సావొస్తది? నువ్వు ముట్టుకుంటె దీనికొస్తది!"

"బంగారు తల్లి గద నాయినా..."

"బంగారం కాదు, పసిరికలు! మనిషికి పసిరికలైతె కండ్లు పచ్చగయితయి సూడు, గదే ఇది. ఇది సచ్చిపోతుంటె మీరు మొక్కుతున్నరు!"

అవ్వ చెయ్యి తీసి కొంగుకు తుడుచుకుంది. తొట్టి వైపు వంగి, "అయ్యో, నీకూ నా గతే పట్టిందా తల్లీ" అంది. అందరూ వెళ్లిపోయారు. ఎందుకు రానిచ్చావని నా భార్య మీద విరుచుకుపడ్డాను. "ముసల్ది ఏడ్సింది. ఎట్ల వద్దంట?" అందామె, నీళ్లు మారుస్తూ.

బల్లి శాస్త్రం మీద, పసరు మందుల మీద నాగర్‌కర్నూల్ దాకా ఊరూరా వేదికలెక్కి వాదించినవాణ్ని నేను. పసిరికలకు పసరు తాగుతూ కూర్చుని, దవాఖానకు ఆలస్యంగా చేరి పోయినవాళ్ల పాడెలు మోసినవాణ్ని. 'నమ్మకం వల్ల ఎవరికేం నష్టం' అనేవాళ్లను ఆ పాడె ముందు నిలబెట్టి మళ్లీ ఆ మాట అనమనాలి.

రెండు రోజులకు అవ్వ కొడుకు వచ్చాడు. చొక్కా చెమటకు ఒంటికి అంటుకుపోయింది. చేతిలో సీసా, సీసాలో ఆకుపచ్చ రసం.

"సార్, తెలకపల్లి దిక్కు పోయొచ్చిన. ఆడ మంచి పసరు పోస్తరు. మా అమ్మ ఊకోలే. 'నా పాణం కోసం దాన్ని ముట్టుకుంటి, దాని పాణానికి నువ్వు మందు తే' అన్నది."

"దీనికి పసరు కావాలని నీకెవరు చెప్పిండ్రు?"

"మీరే అంటిరి గద సార్, పసిరికలని!"

నాకు ఆ మాట అంటే కాలేయం. అతనికి ఆ మాట అంటే పసరు. మూఢనమ్మకాన్ని కొట్టడానికి నేనెత్తిన రాయి, మా ఇంటికే సీసా అయి తిరిగి వచ్చింది.

"అవ్వ తింటున్నదా?" అని అడిగింది నా భార్య.

"తింటున్నదక్కా. దీన్ని ముట్టిన కాన్నుంచి కడుపు నిండ తింటున్నది."

ఆమె సీసా అందుకుంది. "ఒక్క చుక్క ఏద్దామా?"

"తోలుతోటి నీళ్లు పీల్చే జీవి అది. ఆ చుక్కే దాన్ని సంపుతది."

"ఏయకుంటె బతుకుతదా? చెప్పు. పసరు వద్దు, మొక్కు వద్దు. మరి నీ దగ్గర ఏమున్నది?"

ఎన్ని వాదాల్లో నిలబడ్డానో. ఇంత చిన్న ప్రశ్న ఎవరూ వెయ్యలేదు.

"సల్లటి నీళ్లున్నయి" అన్నాను. ఆ మాట నా చెవులకే దిక్కులేనిదిగా వినిపించింది.

సీసా ఆమె చేతిలోంచి తీసుకొని మోరీలో వంపేశాను. అతను కోపపడలేదు. "గంత దూరం పోయొచ్చిన సార్" అని మాత్రం అని, ఖాళీ సీసా తీసుకొని వెళ్లాడు.

సాయంత్రం ఇద్దరం తొట్టి ముందు నేల మీద కూర్చున్నాం. అది పైకి తేలి ఒక్క గుక్క గాలి మింగి, పట్టు తప్పినట్టు అడుగుకు జారింది. ఎండ వాలుగా పడి ఒళ్లంతా నిజంగానే జరీలా మెరిసింది. ఆ రంగును అసహ్యించుకున్నాను.

"రేపు తింటదా?" అందామె.

తింటుందనడానికి నా దగ్గర ఒక్క ఆధారం లేదు. "తింటది" అన్నాను.

గోడ మీద బల్లి పలికింది. బల్లి పలికితే అన్న మాట నిజమవుతుందంటారు. ఆమె అలవాటు కొద్దీ వేళ్లతో నేలను తట్టి "సత్యం" అంది. అని, నేను విరుచుకుపడతానని కాబోలు, నా మొహంలోకి చూసింది.

నేను లేచి, తొట్టిలో గడ్డ కరిగిపోయిన నీళ్ల సీసా తీసి, మరో సీసా కోసం ఫ్రిజ్ తెరిచాను. కరెంటు ఎప్పుడు పోయిందో, లోపల బల్బు వెలగలేదు.