ముందు సగం, వెనక సగం

రియాద్‌లో, మలాజ్ పేట వెనక వీధిలో ఉన్న ఒక స్పేర్ పార్ట్స్ కొట్టులో నూర్‌బాషా ఖలందర్ పదహారేళ్లు కౌంటరు దగ్గర నిలబడ్డాడు. ఊరు ప్రొద్దుటూరు. చదువు పదో తరగతిలో ఆగిపోయింది గానీ జ్ఞాపకశక్తి ఎక్కడా ఆగలేదు. బండి పేరు, ఏడాది చెబితే చాలు, కంప్యూటర్ వైపు చూడకుండా పార్టు నంబరు అంకెలతో సహా ఒప్పజెప్పి, నిచ్చెనెక్కి అట్టపెట్టె దించేవాడు. కొట్టు యజమాని అబూ తుర్కీ వచ్చినవాళ్లకు అతన్ని చూపించి, "కంప్యూటర్ పాడైతే బాగు చేయిస్తాను, ఇతను సెలవు మీద పోతే కొట్టు మూసుకుంటాను" అనేవాడు. ఖలందర్ ఆ మాట విననట్టే ఉండేవాడు. విన్న రోజున మాత్రం నిచ్చెన ఒక మెట్టు ఎక్కువ ఎక్కేవాడు.

ఇంత తెలిసినవాడికి బండి విప్పడం రాదు. ఎవరూ నమ్మరు గానీ అది నిజం. అతనికి బండి అంటే పెట్టెల్లో ఉన్న బండి. ఏ పెట్టె ఏ అరలో ఉందో తెలుసు గానీ, అందులోని వస్తువు బండిలో ఎక్కడ కూర్చుంటుందో సరిగా తెలియదు. అది మెకానిక్కుల పని అని, నూనె చేతుల పని అని, మనసులో కాస్త చిన్నచూపు కూడా ఉండేది.

అలాంటి మనిషి 2011లో ఎర్రటి స్పోర్ట్స్ కారు కొన్నాడు. జపాన్ వాళ్ల రెండు తలుపుల బండి, పదేళ్లు వాడినది. ఆ బండికి పార్టులు కొనేవాళ్లు మిగతావాళ్లలా ఉండరని అతను తొమ్మిదేళ్లుగా చూస్తున్నాడు. ట్రక్కువాడు పెట్టె విసురుగా లాక్కుపోతాడు. వీళ్లు మాత్రం పెట్టె విప్పి, తుడిచి, మళ్లీ మూసి, నవ్వుకుంటూ పోతారు. ఒక్కసారైనా కౌంటరుకు అవతలి పక్క నిలబడాలని అతనికి కోరిక పుట్టింది. అంతకు మించి కారణం లేదు. మనుషులు ఇంతకన్నా చిన్న కారణాలకు ఇళ్లే కట్టుకుంటారు.

కొన్నది ఊరి తూర్పున ఉన్న హరాజ్‌లో, అంటే బండ్ల వేలంలో. అక్కడ ఒక పద్ధతి ఉంది. కేకలు వేసేవాడు బండి పక్కన నిలబడి, "కూమత్ హదీద్, సుక్కర్ ఫీ మోయా" అని అరుస్తాడు. ఇనుప కుప్ప, నీళ్లలో చక్కెర అని అర్థం. అమ్మేవాడు ఆ మాట అనేశాక, కొనేవాడు తల ఊపాక, ఇక బండిలో ఏ లోపం బయటపడినా అడగడానికి వీల్లేదు. అందుకే అక్కడ ఎవరూ ఏమీ అడగరు. అడిగితే కొత్తవాడని నవ్వుతారు. ఖలందర్‌ను చూసి ఎవరూ నవ్వకూడదు కదా, అతనూ అడగలేదు. తల ఊపి తాళాలు తీసుకున్నాడు.

మరుసటి ఏడు వెనక బ్రేకులు అరిగాయి. సనాయియాలో, అంటే షెడ్ల పేటలో, కదిరి నుంచి వచ్చిన ఇస్సాక్ అనే మెకానిక్ ఉన్నాడు. ఖలందర్ తన కొట్టు నుంచే పెట్టె తీసుకుపోయి ఇచ్చాడు. ఇస్సాక్ చక్రం విప్పి, పెట్టె తిరిగి ఇచ్చేశాడు.

"అన్నా, ఇది నీ బండిది గాదు."

"నంబరు చూసి మాట్లాడు ఇస్సాకూ. రెండువేల ఒకటి మోడలు, ఎనక బ్రేకులు. కండ్లు మూసుకొని చెప్తా."

"నువ్వు కండ్లు మూసుకొనే చెప్తాండావు. ఈడికొచ్చి తెరిచి చూడు."

మూడుసార్లు పెట్టె మార్చి తెచ్చాడు. మూడుసార్లూ సరిపోలేదు. చివరికి ఇస్సాక్ వెనక సీటు ఎత్తి, కింద తివాచీ పీకి, టార్చిలైటు వేశాడు. సీటు ముందరి అంచు కింద, ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా, అడ్డంగా ఒక వెల్డింగు గీత ఉంది.

"గుద్దుకున్న రెండు బండ్లను కోసి, బాగుండే సగాలు అతికించినారన్నా. ముందర నీ రెండువేల ఒకటే. తలుపుల ఎనక తొంభై ఎనిమిది."

ఖలందర్‌కు కోపం రాలేదు, సిగ్గేసింది. వేల పార్టులు నోటికి తెలిసినవాడు రెండు బండ్లను ఒక బండి అనుకుని కొన్నాడు. ఈ సంగతి కొట్టులో తెలిస్తే ఇక నిచ్చెన ఎక్కి ఏం లాభం? ఎవరికీ చెప్పవద్దని ఇస్సాక్ చేత ఒట్టు వేయించుకున్నాడు. ఇస్సాక్ గీత పొడుగునా ఇనుప పట్టీలు వేసి మళ్లీ వెల్డింగు చేసి, కింద నల్ల పూత పూశాడు. "నిదానంగా పో అన్నా, ఏమీ గాదు. దూకించొద్దు అంతే" అన్నాడు.

అలా మొదలైంది ఖలందర్ రెండు బండ్ల సంసారం. ముందు సగానికి కావలసినవి తన కొట్టులోనే, అందరి ఎదుటా కొనేవాడు. వెనక సగానికి కావలసినవి అక్కడ అడిగితే, తొంభై ఎనిమిదివి నీకెందుకని అబూ తుర్కీ అడుగుతాడు. అందుకని శుక్రవారం బతా బజారుకు పోయి, బియ్యం కొనడానికి వచ్చినవాడిలా నాలుగు సందులు తిరిగి, తనను ఎరగని కొట్టులో కొనుక్కునేవాడు. పార్టులు అమ్మే మనిషి దొంగచాటుగా పార్టులు కొనడం రియాద్‌లో అతనొక్కడే చేసి ఉంటాడు. ఎండకు రబ్బరు బుష్‌లు పగిలిపోయేవి, దుమ్ముకు ఫిల్టర్లు పూడిపోయేవి. ఏటేటా ఫహస్ అనే తనిఖీకి తీసుకుపోతే మొదటిసారి ఏదో ఒక వంకతో వెనక్కి వచ్చేది. ఒక ఏడు పొగ, ఒక ఏడు బేరింగు. మెల్లమెల్లగా ఖలందర్ చేతులకూ నూనె అంటింది. పెట్టెలోని వస్తువు బండిలో ఎక్కడ కూర్చుంటుందో ఒక్కొక్కటిగా తెలిసింది. నిజం చెప్పాలంటే, మోసపోయి కొన్న ఆ బండే అతనికి బండి అంటే ఏమిటో నేర్పింది. దాన్ని అతను ప్రేమించాడు. అందులో దాపరికం ఏమీ లేదు.

దాపరికమంతా ఇంట్లో. భార్య మేరాజ్ బేగం, కూతురు రుఖయ్యా అతుకు బయటపడిన ఏడే వీసా మీద వచ్చి చేరారు. అతుకు సంగతి వాళ్లకు చెప్పలేదు. రేపు చెబుదామనుకున్నాడు. ఆ రేపు ఎన్నటికీ రాలేదు. శుక్రవారం బండి కడుగుతూ ఈలపాట పాడేవాడు, మేరాజ్ కిటికీలోంచి చూసేది. బయటికి వెళ్లేటప్పుడు ముందు సీటు వంచి, ఆ ఇరుకు సందులోంచి తనే వెనక్కి దూరేది.

"మహారాణి మాదిరి ముందర కూచోమంటే ఎనక దూరుతావేంది?" అని వేళాకోళం చేసేవాడు.

"పాపకు ముందర గాలి కావల్ల. నాకు ఈడ బాగుండాది," అనేది.

ఒకసారి ఉమ్రా యాత్రకు మక్కా దాకా పోయారు. తొమ్మిది వందల కిలోమీటర్లు. స్పోర్ట్స్ కారును ఖలందర్ కుడి అంచున, తొంభై దాటకుండా నడిపాడు. గొర్రెల లారీలు కూడా దాటిపోతుంటే రుఖయ్యా పడీపడీ నవ్వింది. వెనక సీట్లో మేరాజ్ దారి పొడుగునా తస్బీహ్ పూసలు తిప్పుతూ కూర్చుంది.

2017లో కుటుంబాల మీద తలకింత అని నెలనెలా లెవీ పడింది. మరుసటి ఏడు అది రెట్టింపవుతుందని తెలిసి, రుఖయ్యా పదో తరగతి పరీక్షలు కాగానే తల్లీకూతుళ్లు ప్రొద్దుటూరు వెళ్లిపోయారు. ఆ వెనకే నితాఖాత్, అంటే ఉద్యోగాలు సౌదీలకే అనే చట్టం, అతని కౌంటరు దాకా వచ్చింది. ఏయే కొట్లలో సౌదీలే అమ్మాలో జాబితా వచ్చింది. అందులో స్పేర్ పార్ట్స్ ఉంది. జనవరి నుంచి అమలు. అబూ తుర్కీ రెండు రోజులు అతని ముఖం చూడలేదు. మూడో రోజు టీ తెప్పించి, "నిన్ను గోడౌన్‌లో దాచుకుందామని చూశాను ఖలందర్, కుదరలేదు" అన్నాడు. తన చోటుకు వచ్చిన, సైన్యంలో పనిచేసి రిటైరైన నలభై ఐదేళ్ల మనిషికి ఖలందర్ నెల రోజులు అరలన్నీ చూపించాడు. ఆయన శ్రద్ధగా నేర్చుకున్నాడు. తిట్టుకోవడానికి కూడా వీలివ్వలేదు.

దేశం వదిలి పోవడానికి ఫైనల్ ఎగ్జిట్ వీసా వేయాలంటే పేరు మీద బండి ఉండకూడదు. ఇఖామాకు, అంటే అక్కడ ఉండే అనుమతికి, ఇంక పది రోజులే గడువు ఉంది. ఆ లోపల బండి తన పేరు నుంచి దిగకపోతే ఇంటికి పోలేడు, ఇక్కడ ఉండనూ లేడు. ఖలందర్ బండిని మళ్లీ హరాజ్‌కు తీసుకుపోయాడు.

ఏడేళ్లు పెంచుకున్న బండి పక్కన నిలబడి కేకలవాడు "కూమత్ హదీద్" అని అరుస్తుంటే ఖలందర్‌కు ఒంటి మీద దెబ్బ పడినట్టయింది. అయినా ఆ మాటే తనకు దిక్కు. ఆ మాట అన్నాక ఏమీ చెప్పనక్కర్లేదు. ఒక పెద్దాయన ముందుకొచ్చి చుట్టూ తిరిగి చూశాడు. కూతురి కోసమట. పల్లెటూరి బడిలో టీచరు, రోజూ రానూపోనూ రెండు వందల కిలోమీటర్లు, ఆడవాళ్లు నడపొచ్చని అనుమతి వచ్చాక ఈ ఏడే లైసెన్సు తీసుకుంది, ఫోనులో బొమ్మ చూసి ఆమే ఎంచుకుందట. ఆయన తల ఊపాడు. బేరం కుదిరింది.

అప్పుడు కూతురు ఆయన బండిలోంచి దిగి వచ్చింది. నల్లటి అబాయా, చేతిలో కొత్త లైసెన్సు. సీట్లో కూర్చుని అద్దం సవరించుకుంది. తర్వాత కిటికీలోంచి ఖలందర్‌ను చూసి, మామూలుగా, "బాబాయ్, దీనిలో లోపం ఏమైనా ఉందా?" అని అడిగింది.

కేకలవాడు నవ్వాడు. తండ్రి ఇబ్బందిగా ఆమె భుజం తట్టాడు. ఆమె తప్పు కాదు. నిన్నమొన్నటి దాకా ఆడవాళ్లు అక్కడికి వచ్చిందే లేదు, అక్కడ ఆ మాట అడగకూడదని ఆమెకు తెలియదు. ఇన్నేళ్లలో ఆ బండి గురించి ఖలందర్‌ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమే. అడిగాక అతనికి అబద్ధం నోట రాలేదు.

వెనక సీటు ఎత్తి, తివాచీ తీసి చూపించాడు. వచ్చీరాని అరబ్బీలో అంతా చెప్పాడు. కేకలవాడు నెత్తి కొట్టుకున్నాడు. పెద్దాయన చాలాసేపు ఆ గీతను చూసి, ఖలందర్ చెయ్యి పట్టుకుని, "అల్లా నీకు మేలు చేయాలి" అని, కూతుర్ని తీసుకుని వెళ్లిపోయాడు. సాయంత్రానికి హరాజ్ అంతటికీ తెలిసిపోయింది. తర్వాతి నాలుగు రోజులు ఆ బండి దగ్గర ఎవరూ ఆగలేదు.

ఐదో రోజు దాన్ని తష్లీహ్‌కు, పాత బండ్లు విప్పి అమ్మే యార్డుకు, తనే నడుపుకుంటూ పోయాడు. నంబరు ప్లేట్లు విప్పి ఇచ్చి, పేరు కొట్టేయించుకున్నాడు. కాగితం చేతికి వచ్చింది. ఇక ఇంటికి పోవచ్చు. పోకుండా నిలబడ్డాడు. గ్రైండర్ పట్టుకున్న పఠాన్‌ను పిలిచి, ఎక్కడ కోయాలో చూపించాడు. పఠాన్ వెనక సీటు మీద తడి గోనెపట్ట కప్పి కోశాడు. బండి రెండుగా విడిపోయింది. ఎడమ పక్క ఇస్సాక్ వేసిన పట్టీ గట్టిగానే ఉంది. కుడి పక్క నల్ల పూత కింద అంతా తుప్పే. ఖలందర్ బొటనవేలితో నొక్కితే వేలు లోపలికి దిగింది.

సుద్దముక్క అడిగి తీసుకుని ముందు సగం మీద 2001 అని, వెనక సగం మీద 98 అని పెద్దగా రాశాడు. రేపు పార్టులకు వచ్చేవాడు తనలా తిప్పలు పడకూడదు. రాశాక ఒక సంగతి తట్టింది. ఎవరో టీచరమ్మకు చెప్పిన మాట సొంత బిడ్డకు చెప్పలేదు. అక్కడే ఒక టైరు మీద కూర్చుని ఇంటికి ఫోను చేశాడు.

"బండి పోయిందా?" అంది మేరాజ్.

"తష్లీహ్‌కు ఇచ్చినా. అది రెండు బండ్లు మేరాజ్. అతుకు బండి. నాకు ముందర నుంచే తెలుసు. తెలిసే మిమ్మల్ని అందులో మక్కాకు తీసకపోయినా."

"నాకూ తెలుసు," అంది. "ఇస్సాక్ పెండ్లాం మేము వచ్చిన ఏడే చెప్పింది. మీరే చెప్తారని చూసినా. శుక్రవారం దాన్ని కడిగేటప్పుడు మీ మొగం చూసి నేనూ అడగలేకపోతి."

"తెలిసి ఎట్ల ఎక్కితివి?"

"ఎనక సగం పాతది, ఊడితే అదే ఊడుతాది అనింది. అందుకే పాపను ముందర కూచోబెడతాంటి."

ఖలందర్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. పఠాన్ వెనక సగాన్ని పక్కకు లాగడానికి గొలుసు తెస్తున్నాడు. ఒక్క నిమిషం ఆగమని చెయ్యి ఎత్తి, ఖలందర్ గోనెపట్ట తీసేసి ఆ సీట్లో కూర్చున్నాడు. ఇన్నేళ్లలో అక్కడ కూర్చోవడం అదే మొదటిసారి. పైకప్పు వెనక్కి వాలి ఉండటంతో తల నిటారుగా నిలవలేదు, వంచుకోవాల్సి వచ్చింది. మక్కాకు పోయేటప్పుడు తొమ్మిది వందల కిలోమీటర్లు, వచ్చేటప్పుడు తొమ్మిది వందల కిలోమీటర్లు.