గ్లెనిస్ బల్ల మీదికొచ్చిన నవల

ఆస్ట్రేలియాలోని మా ఊరు బిర్రిగల్‌లో పుస్తకం కొనాలంటే గ్లెనిస్ రడ్డక్ కొట్టుకే వెళ్ళాలి. నిజానికి అది పేపర్లు, లాటరీ టికెట్లు, పుట్టినరోజు కార్డులు అమ్ముకునే కొట్టు. అయినా గుమ్మంలో అడుగు పెట్టగానే ఎదురయ్యేది కొత్త పుస్తకాల బల్ల. దాని మీద ఆస్ట్రేలియా రచయితలకు తప్ప ఇంకెవరికీ చోటు లేదు. లండన్ వాళ్ళు, న్యూయార్క్ వాళ్ళు ఎంత ఘనులైనా వెనక గోడకే.

"వాళ్ళని కొనడానికి ప్రపంచమంతా ఉంది. మనవాళ్ళకి నేనూ నా బల్లా" అనేది.

కరువు మీద కవిత్వం, వాంబాట్ అనే జంతువు పిల్ల బొమ్మల పుస్తకం, గొర్రెల ఫారంలో ప్రేమకథ, యుద్ధఖైదీల చరిత్ర, మాంసం కాల్చే విధానాలు, అన్నీ అక్కడే ఒకదాన్నొకటి రాసుకుంటూ ఉండేవి. అన్నిటికన్నా జోరుగా పోయేవి మాత్రం నేరాల నవలలు. ఎండిపోయిన ఊరు, కనబడకుండా పోయిన ఆడపిల్ల, పట్నం నుంచి దిగిన పోలీసు. ఈ మధ్య అవి పుట్టగొడుగుల్లా వచ్చిపడుతున్నాయి. పట్నం వాళ్ళకి మా దుమ్మంటే అంత మోజెందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ నవలలు అమ్మే మనిషి కూతురే కనబడకుండా పోయింది. పేరు కెరిన్. పదిహేడేళ్ళ పిల్ల. మాకు నడివేసవైన జనవరి ఎండల్లో ఊరి ఈతకొలను నుంచి సైకిలెక్కి ఇంటికి బయల్దేరింది. సైకిల్ కాలువ గట్టు మీద దొరికింది. పిల్ల దొరకలేదు. ఇరవై ఏళ్ళు దాటిపోయాయి. తండ్రి నెవిల్ గోధుమల లారీ నడిపేవాడు. మొదట్లో ఊరంతా అతనితో కలిసి వెతికింది. తర్వాత ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు. నెవిల్ మాత్రం ప్రతి ఆదివారం కుక్కనేసుకుని ఆ గట్టు పొదలన్నీ గాలించి వచ్చేవాడు. నోరు విప్పని మనిషి. పిల్ల పోయాక అసలే విప్పలేదు.

"అలాంటి కథలు ఎలా అమ్ముతావే తల్లీ? చెయ్యెలా ఆడుతుంది నీకు?" అని బేకరీ డోరీన్ ఒకసారి అడిగేసింది. చిన్నప్పటి నుంచి స్నేహితురాలు కాబట్టి ఆవిడకే చెల్లింది.

"వాటిల్లో చివరికి పిల్ల దొరుకుతుంది కదే. ప్రాణంతోనో శవంగానో. దొరుకుతుంది" అంది గ్లెనిస్.



రెండు చలికాలాల కిందట మెల్‌బోర్న్ నుంచి ఇమోజెన్ అనే రచయిత్రి వచ్చి మా పబ్బు మేడ మీద గది తీసుకుంది. నవ్వుముఖం. నెమ్మదైన మాట. రోజూ సాయంత్రం గ్లెనిస్ వంటింట్లో టీ తాగుతూ కూర్చునేది. "మీ కథ రాయడం లేదండీ, ఈ నేల గురించి రాస్తున్నాను" అని ముందే చెప్పింది. ఏళ్ళ తరబడి కెరిన్ పేరెత్తడానికే జనం జంకుతుంటే, ఇమోజెన్ కూర్చోబెట్టి అడిగింది. అడిగితే ఏ తల్లి ఆగుతుంది? గ్లెనిస్ కడుపులో ఉన్నదంతా చెప్పేసింది. ఆఖరికి నెవిల్ కూడా ఆ అమ్మాయిని లారీలో ఎక్కించుకుని గట్టంతా తిప్పి చూపించాడు.

పుస్తకం బజారుకి రాకముందే కొట్టువాళ్ళకి ఒక ప్రతి పంపడం ప్రచురణకర్తల అలవాటు. అది చదివి, చిన్న అట్టముక్క మీద చేతిరాతతో నాలుగు మంచిమాటలు రాసి పుస్తకం కింద తగిలించడం కొట్టువాళ్ళ అలవాటు. అన్నీ చివరిదాకా చదివే కొట్టువాడు ఈ దేశంలో ఎక్కడా లేడు. యాభై పేజీలు తిప్పి రాసేస్తారు. గ్లెనిస్ సాధారణంగా అలా చేసేది కాదు. కానీ ఇమోజెన్ నవలలో ఎండకి కమిలిన భుజాలతో, తడి జుట్టుతో ఒక పిల్ల సైకిలెక్కే పేజీ వచ్చేసరికి ఆమె వల్ల కాలేదు. పుస్తకం గుండెలకి అదుముకుని ఏడ్చి మూసేసింది. మూసేసి అట్టముక్క మీద ఇలా రాసింది: "ఇది మన ఊరి కథ. ఉన్నది ఉన్నట్టు రాసింది. ప్రతి ఇంట్లో ఉండాలి. గ్లెనిస్."

మా ఊళ్ళో గ్లెనిస్ మాటంటే మాటే. మొదటి పెట్టె వచ్చిన వారంలోనే ఖాళీ. రెండో పెట్టె కూడా అంతే. పుస్తకం ముఖం చూడని వాళ్ళు కూడా కొన్నారు.

తర్వాతే వింత మొదలైంది. పేపర్ కోసం వచ్చినవాళ్ళు గ్లెనిస్ కళ్ళలోకి చూడకుండా చిల్లర పెట్టి పోతున్నారు. పబ్బులో నెవిల్ కూర్చుంటే పక్క కుర్చీల వాళ్ళకి ఉన్నట్టుండి పనులు గుర్తొస్తున్నాయి. పిల్లల ఫుట్‌బాల్ ఆటల దగ్గర సాసేజీలు కాల్చేది ఎప్పుడూ అతనే. ఈసారి ఆ ఆటల క్లబ్బు కార్యదర్శి వచ్చి, "ఈ ఏడాది కాస్త విశ్రాంతి తీసుకోరాదూ, నెవ్?" అన్నాడు. వాడికి సిగ్గు లేదు. వాడి పిల్లలిద్దరూ నెవిల్ చేతి సాసేజీలు తినే పెరిగారు.

ఒక మధ్యాహ్నం డోరీన్ పిండి చేతులతోనే కొట్లోకి వచ్చింది.

"అది చివరిదాకా చదివావా నువ్వు?"

"లేదే. చదవలేకపోయాను."

"చదవకుండానే ఉన్నది ఉన్నట్టు రాసిందని ఎలా రాశావే, పిచ్చిదానా! అందులో పిల్లని చంపింది తండ్రి. లారీ నడిపే తండ్రి. పెళ్ళాం పుస్తకాలు అమ్ముతుంది. ఇంక పేరొక్కటేగా మార్చింది? ఊరంతా నీ నోటితో నువ్వే ఒప్పుకున్నావనుకుంటోంది!"

గ్లెనిస్ పట్టపగలే కొట్టు తలుపు గడియపెట్టి, నేల మీద కూర్చుని మిగతాదంతా చదివింది. నవల్లో తండ్రి ఆ పొద్దున కూతురితో ఒక కుర్రాడి గురించి గొడవపడతాడు. అది నిజంగా జరిగిందే. చెప్పింది తనే. తండ్రి ప్రతి ఆదివారం వెతకడానికి వెళ్తాడు, అక్కడే పాతిపెట్టాడు కాబట్టి. ఇరవై ఏళ్ళ కడుపుకోత ఆ రచయిత్రి మహాతల్లికి అలా పనికొచ్చింది. ఆ సాయంత్రం తండ్రి వేరే చొక్కాతో ఇంటికొస్తాడు. ఈ మాట దగ్గర గ్లెనిస్ ఆగిపోయింది. చొక్కా సంగతి ఇమోజెన్ కల్పించిందా, లేక తను చెప్పిందా? ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. మూడోసారి చదివేసరికి ఆ చొక్కా కళ్ళకి కట్టినట్టు కనబడుతోంది. నీలం గళ్ళ చొక్కా. అది నెవిల్‌దో నవల్లోదో ఆమెకే తెలియలేదు.

అట్టముక్క చింపేసింది. మిగిలిన ప్రతులు పెట్టెలో పడేసింది. ప్రచురణ సంస్థకి ఫోన్ చేస్తే ఎవరో అమ్మాయి, "పాత్రలన్నీ కల్పితాలని ముందు పేజీలోనే వేశాం కదండీ" అని చేతులు దులుపుకుంది. ఇమోజెన్ అసలు ఫోనే ఎత్తలేదు.

ఇంటికెళ్ళేసరికి నెవిల్ వంటింటి బల్ల దగ్గర బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు.

"చదివావా?"

"అందులో సంగతి నీకెలా తెలుసు?"

"క్లబ్బు వాళ్ళు నా ముఖం మీదే చెప్పారులే, అందులో ఏముందో. అననీ గ్లెన్. ఊళ్ళోవాళ్ళు ఏమన్నా నాకేం కాదు. నీకు తెలుసు కదా, అది చాలు."

"తెలుసు" అంది గ్లెనిస్. వచ్చి అతని ఎదురుగా కూర్చుంది. ఇంకో కత్తి తీసుకుని ఒక దుంప చేతిలోకి తీసుకుంది. తెలుసన్నది మనస్ఫూర్తిగానే. అక్కడితో ఊరుకుంటే బాగుండేది.

"నెవ్, ఆ రోజు సాయంత్రం నువ్వు ఇంటికొచ్చినప్పుడు... చొక్కా మార్చుకున్నావా?"

అతని చేతిలో కత్తి ఆగింది. తల ఎత్తి ఆమెను చూశాడు. ముఖంలో కోపం లేదు. కోపమే ఉంటే ఆమె తట్టుకునేది.

"పోలీసులు అడిగారు. మీ నాన్న అడిగాడు. దారిన పోయే ప్రతి వెధవా ఏదోటి అడిగాడు. నువ్వు ఒక్కసారి కూడా అడగలేదు గ్లెన్. అందుకే బతికున్నాను."

ఆమె 'వద్దు, చెప్పకు, నా మతి పోయి అడిగాను' అనాల్సింది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ అనలేదు. దుంప చేతిలో పట్టుకుని, అతని ముఖం వైపే చూస్తూ, జవాబు కోసం ఎదురుచూసింది.