కత్తెర పెట్టిన వల

మా బాల్కనీకి పావురాల వల బిగించడానికి నిన్న ఒకతను వచ్చాడు. నెల్లూరు పావురాలకు ఇంకెక్కడా చోటు లేనట్టు నా బాల్కనీలోనే కాపురం పెట్టాయి. అతను కత్తెర తీసి, "మిగిలింది కోసేసేదా మేడమ్?" అన్నాడు. "అయ్యో, కోయొద్దు!" అని అరిచేశాను. పాపం, ఉలిక్కిపడ్డాడు. రిటైరైన లైబ్రేరియన్‌ని, ఒంటి మనిషిని, ఏదో తేడాగా ఉన్నాననుకుని ఉంటాడు. అనుకోనీ.

జువ్వలదిన్నెలో పిల్లల లైబ్రరీకి నన్ను వేసినప్పుడు ఆ ఊళ్లో నాకెవరూ లేరు. నిజానికి ఏ ఊళ్లోనూ లేరు. బిట్రగుంటలో గది అద్దెకు తీసుకుని రోజూ వెళ్లి వచ్చేదాన్ని. వారమంతటిలో నాతో నోరారా మాట్లాడేది శనివారం కథలకొచ్చే పన్నెండు మంది పిల్లలే. చదివిన కథను చేతులతో చేయించాలని నాకొక పిచ్చి. అట్టముక్కలతో ఏనుగులు, బంకమట్టితో మొసళ్లు. నా చీరల నిండా జిగురే.

ఒక శనివారం, పావురాలన్నీ కలిసి వలతో సహా ఎగిరిపోయే పాత కథ చదివాను. చివర్లో ఎలుక వచ్చి వల కొరికి విడిపిస్తుంది కదా! పిల్లలకు కాగితపు రెక్కలు కట్టి, పడవల రేవు దగ్గర అడిగి తెచ్చిన పాత వల కప్పాను. చేపల వాసన గుప్పుమంది, ముక్కు మూసుకుంది నేనొక్కదాన్నే. అందరిలోకీ చిన్నపిల్లను ఎలుకను చేసి, చేతిలో కత్తెర పెట్టాను. ఆ పిల్ల కదలదే!

"వద్దు టీచర్, మా అవ్వ తిడతాది" అంది.

కథలో ఎలుకకు అవ్వ లేదులే అని నవ్వి, దాని చెయ్యి పట్టుకుని నేనే కోయించాను. పిల్లలెవరూ నవ్వలేదు. రెక్కలు విప్పి బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు.

మరుసటి శనివారం ఎవరూ రాలేదు. ఆ పై శనివారమూ అంతే. చాపలు పరిచి, సాయంత్రం దాకా గుమ్మం వైపు చూసి, మళ్లీ చుట్టేశాను. ఉద్యోగం గురించి కాదు నా దిగులు, ఇక నన్ను పలకరించేవాళ్లే ఉండరని. తిరుగు బస్సులో సిగ్గు లేకుండా ఏడ్చాను.

మూడో శనివారం ఆ వల చంకన పెట్టుకుని ఎలుక పిల్ల ఇంటికే వెళ్లాను. అవ్వ గుమ్మంలోనే ఉంది.

"ఏందమ్మా, సదువుకున్నదానివి, బిడ్డ చేత వల కోయించినావే? చినిగింది బాగుచేసేదానికి తప్ప మేం వలకు కత్తి పెట్టం. కూడు పెట్టేది గదా!"

"తప్పయిపోయింది అవ్వా, తెలీలేదు."

"తెలీకపోతే నేర్చుకో" అని, వల అల్లే సూది బొడ్డున దోపుకుని లైబ్రరీకి నా ముందు నడిచింది. వెనకే ఒక్కొక్కరుగా పిల్లలు.

నాలుగు శనివారాలు వల చుట్టూ కూర్చుని ముడులు వేశాం. నా ముడి వేసిన ప్రతిసారీ జారిపోయేది. "మీ టీచరుకు సదువు తప్ప ఇంకేం రాదురా" అని అవ్వ దెప్పేది, పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్లు. కథ కూడా మారింది. ఎలుక కొరకదట, కూర్చుని ముడులు విప్పుతుందట.

నిన్న అతను వెళ్లాక, మిగిలిన వల ఒళ్లో వేసుకుని ఒక ముడి వేసి చూశాను. జారిపోయింది. దెప్పేవాళ్లు లేరు. జువ్వలదిన్నెలో ఆ వల కోయడానికి నిమిషం చాలింది, కట్టడానికి నాలుగు శనివారాలు పట్టింది. నలభై పట్టినా బాగుండేదని ఇప్పుడనిపిస్తోంది.